పరగడుపున రమ్మన్నారు

చికిత్స మొదలయ్యేనాటికి పప్పుల వ్యాపారి చేతిలో ఉన్నవి ఇవి: మాట పోని కొట్టు, మాట పొదుపైన భార్య, మొహమాటం లేని కూతురు, పిత్తనాళంలో కత్తికి అందని చోట క్యాన్సర్ గడ్డ.

కణాల కిరణంతో కొడదామన్నారు డాక్టర్లు. అది గడ్డ దాకా వెళ్లి అక్కడే ఆగుతుందట, వెనకున్న పేగును ముట్టదట. కాకపోతే కడుపు ప్రతిసారీ కొలత తీసిననాటిలాగే ఉండాలి. అందుకే పరగడుపున రమ్మన్నారు.

ఆ పొద్దున కూడా యంత్రం ముందు తీసిన బొమ్మలో కడుపు ఉబ్బి కనిపించింది. వెనక్కి పంపేశారు.

ఇంట్లో అడుగు పెడుతూనే కూతురు తల్లి మీద పడింది.

“ఏం పెట్టావమ్మా? రెండోసారి పంపేశారు. గురి తప్పితే నాన్న పేగు కాలిపోతుంది, తెలుసా?”

తల్లి వంటగట్టు పట్టుకుంది. “తప్పు నాదే. ఇక పెట్టను.”

వ్యాపారి తెల్లబోయాడు. “నువ్వెప్పుడు పెట్టావే? పొద్దున్నుంచీ నేనేం తినలేదే!”

“మరి తెల్లారకుండా ఎక్కడికెళ్లావు నాన్నా?”

“కొట్టుకి. శెనగలు దిగాయి, తేమ చూశాను.”

“ఎలా చూశావు?”

“ఎలా చూస్తారు? బస్తాకి నాలుగు గింజలు కొరికి. అదీ ఒక తిండేనా? పని.”

“ఎన్ని బస్తాలు?”

ఆయన గొంతు తగ్గింది. “లారీడు.”

కూతురు కుర్చీలో కూలబడింది. తల్లి నెమ్మదిగా అంది: “ఆయన మీసానికి పొట్టు చూశాను. చెబితే కొట్టు మాన్పిస్తారని తప్పు నా మీద వేసుకున్నాను. కొట్టు లేకపోతే ఈయన మంచం దిగరేమోనని భయమేసింది.”

“ఆ భయంతో నన్ను చంపుకునేదానివే,” అన్నాడు. కోపంగా ఇంకేదో అనబోయి మీసం తుడుచుకున్నాడు. “నాకూ భయమేనే. ఊపిరి బిగబట్టి ఆ బల్ల మీద పడుకుంటే నేనూ ఒక బస్తానే అనిపిస్తుంది. గింజ కొరికినప్పుడే మళ్లీ మనిషినవుతాను.”

ఆయన నోట భయమన్న మాట ఇల్లాలు ఎన్నడూ వినలేదు. వచ్చి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

మర్నాడు కొట్టులో గింజలు కొరికింది ఆవిడే. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

“మెత్తగా ఉన్నాయండీ.”

“మెత్తగానా, పంటికి అంటుకున్నట్టా? సరిగ్గా చెప్పు.”

“అంటుకున్నట్టే.”

“అయితే తిప్పి పంపు.”

ఆ రోజు బొమ్మ సరిపోయింది, కిరణం పడింది. గడ్డ లొంగుతుందో లేదో డాక్టర్లూ చెప్పలేకపోయారు, కాబట్టి దాన్ని రాబడిలో వేయడానికి లేదు. చేతికొచ్చినదల్లా ఒక రోజు తప్పని గురి, ఒకరి భయం ఇంకొకరికి తెలిసిన ఇల్లు.