నలభై సెకన్ల గోల్

ఆ శనివారం ఉప్పల్ స్టేడియంల ఇంటర్నేషనల్ క్రికెట్ మ్యాచ్. పొద్దుగాల్నే రింగ్ రోడ్డు మీద జెండాలు, టీవీ వ్యాన్లు, మొకాలకు రంగులు పూసుకున్న పోరగాండ్లు. ఆ గుంపులకెల్లి బండి తీసుకొని ఆరోన్ నాచారం ఆఫీసుకు వచ్చి హెడ్‌సెట్ పెట్టుకునేసరికి పావుగంట లేటైంది.

"ఉప్పల్‌ల మ్యాచ్ ఉంటే మనం జపాన్ మ్యాచ్‌కు లేటైతం. భలే నౌకరీ," అన్నది హెడ్‌సెట్‌లకెల్లి పక్క సీటు రోజీ.

"నువ్వెట్ల వచ్చినవ్?"

"లాలాపేట్ నుంచి వచ్చేటోళ్లకు స్టేడియం అడ్డం రాదు సారూ. జల్ది గూసో."

వీళ్ల పని గమ్మతుగుంటది. జపాన్‌ల ఫుట్‌బాల్ ఆడుతుంటే వీళ్లిద్దరు నాచారంల స్క్రీన్ సూసుకుంట ప్రతి పాసు, ప్రతి ఫౌలు కంప్యూటర్‌ల నొక్కాలె. అదే లోకమంతా ఫోన్లల్ల లైవ్ స్కోరై కనవడ్తది. నీలి జట్టు ఆరోన్‌ది, ఎర్ర జట్టు రోజీది. ఇద్దరి నడిమిట్ల ఒక అద్దం గోడ. తప్పయితే ఎవరిదో తేల్చనీకి హెడ్‌సెట్‌ల మాటలన్నీ రికార్డయితయి.

"గది ఫౌలెట్లయితది? మీవోడే కావాలని పడ్డడు," అంటడు ఆరోన్.

"కండ్లద్దాలు తెచ్చుకో," అంటది రోజీ.

ఆరు నెలలసంది గిదే లొల్లి. లొల్లి లేని దినం ఆరోన్‌కు బుక్క దిగదు. పిల్ల మీద పానం పెట్టుకున్నడు మరి. కానీ చాయ్ కాడ ఎదురువడ్డదంటే నోట్లె నాలుకే లేనట్టు నిలవడ్తడు.

ఆ రోజు హాఫ్‌టైంల రోజీ మెల్లగ అన్నది, "సాయంత్రం నన్ను సూడనీకి వస్తున్నరు. పిలగాడు బ్యాంకుల చేస్తడంట. మమ్మీకి మస్తు నచ్చిండు. నన్నేం జెప్పమంటవ్?"

ఆరోన్ స్క్రీన్ దిక్కు తిరిగిండు.

"ఆల్ ద బెస్ట్," అన్నడు. ఇంత మొద్దు మనిషిని ఎక్కడన్న సూసిన్రా?

రోజీ అద్దం దిక్కు మల్ల సూడలేదు. సెకండ్ హాఫ్‌ల ఇద్దరికీ మాటల్లేవ్. డెబ్బై ఒకటో నిమిషంల ఎర్ర జట్టు గోల్ కొట్టింది. రోజీ నొక్కింది. పరధ్యానంల ఆరోన్ కూడా తన నీలి జట్టుకు గోల్ నొక్కిండు. తప్పు దిద్దేదాంక నలభై సెకన్లు అన్ని దేశాల ఫోన్లల్ల ఒకటి-సున్నా ఉండాల్సిన స్కోరు ఒకటి-ఒకటి అని కనవడ్డది.

మ్యాచ్ అయినంక సూపర్‌వైజర్ ఉపేందర్ ఇద్దర్నీ గదిలకు పిలిచి రికార్డింగ్ పెట్టిండు. "నన్నేం జెప్పమంటవ్", "ఆల్ ద బెస్ట్", ఆ తర్వాత ఉత్త కీబోర్డు సప్పుడు.

"మీ ఇద్దరి లొల్లి ఆరు నెలలసంది ఇంటున్న. నాకెప్పుడో సమజైంది," అన్నడు ఉపేందర్. "ఇప్పుడు బయటి దేశం క్లయింటుకు కారణం రాయాలె. ఏం రాయమంటవ్?"

ఆరోన్ తల దించుకున్నడు. ఇప్పుడు గూడ నోరు తెరవకపోతే సాయంత్రానికి అంతా అయిపోతది.

"రోజీ వేరేటోళ్లను జేసుకుంటదని బుగులు వెట్టింది సార్. నాకు రోజీ అంటే మస్తు ఇష్టం. ఆమె లేకుంట ఉండలేను."

"ఆపరేటర్‌కు పానం బాగలేదని రాస్త," అని ఉపేందర్ టైపు చేసుకుంట కూసున్నడు.

"నేనడిగినప్పుడు గిది జెప్పనీకేమైంది?" అన్నది రోజీ. కండ్లల్ల నీళ్లు, పెదాల మీద నవ్వు.

"రికార్డయితదని..."

"సార్ ముందల జెప్తే నయమా?" అనుకుంట ఫోన్ తీసి తల్లికి కలిపింది. "మమ్మీ, ఆ బ్యాంకాయనోళ్లను రావొద్దని జెప్పు. నాకొకాయన నచ్చిండు."

అవతలికెల్లి తల్లి విక్టోరియా అడిగింది, "ఏం పని జేస్తడే?"

"జపానోళ్లు బంతి తంతే లెక్క రాస్తడు."

"అదేం పనే?"

"నేను జేసేదే మమ్మీ."

"నాకు తలనొప్పి తెచ్చినవ్ గదనే," అని నిట్టూర్చింది విక్టోరియా. "సరే, ఐదింటికి ఆయన్నే రమ్మను. ముందు మనిషిని సూడనియ్యి."

రోజీ ఫోన్ పెట్టేసి ఆరోన్‌ను కిందికెల్లి మీదికి సూసింది.

"ఇంటికి పోయి మంచి అంగి తొడుక్కొని రా. నేను చీర గట్టుకుంట."