వ్యానాయన బ్రేకులు

నుదుటికి కట్టుతో వచ్చిన మనిషి కుర్చీలో కూర్చుంటూనే, "నన్ను చంపాలని చూశారు" అన్నాడు. అంతలో కుర్చీ ఊగుతోందని గమనించి, వంగి దాని కాలు పరిశీలించాడు. కావాలంటే తాను బాగుచేసి పెడతానన్నాడు.

డిటెక్టివ్ ఆవలింతను చేత్తో కప్పుకున్నాడు. మనుషులు ఒకరినొకరు అనుమానించుకోవడం విని విని ఆయన ముఖం ఉతికి ఉతికి వెలిసిన చొక్కాలా తయారైంది. పక్కన స్టూలు మీదున్న అసిస్టెంటుకి మాత్రం ఆ ఆవలింతలో కూడా ఏదో ఎత్తుగడ కనిపించింది. ఈ అసిస్టెంటు డ్రాయింగు మాస్టారుగా రిటైరైనవాడు, డిటెక్టివ్ కన్నా వయసులో పెద్ద. ఇంట్లో ఉంటే కోడలు కూరగాయలు తరగమంటోందని ఇక్కడ చేరాడు. అందరూ మాస్టారనే పిలుస్తారు.

వచ్చినాయన్ని వాళ్ళ వీధిలో వ్యానాయన అంటారట. ఆ సంగతి ఆయనే కొంచెం గర్వంగా చెప్పుకున్నాడు. పెద్ద ఉద్యోగంలో రిటైరై, వయసులో తనకన్నా కాస్త చిన్నదైన ఒక పాతకాలం వ్యాను కొని, ఇంటి షెడ్డులో పెట్టుకుని సొంతంగా బాగుచేసుకుంటున్నాడు. దాన్ని మెకానిక్కుకి ఇవ్వడమంటే ఆయన లెక్కలో కన్నబిడ్డను పక్కింటివాళ్ళకి పెంపకానికి ఇవ్వడమే. వెనక చక్రాల డ్రమ్ము బ్రేకులు విప్పి, కొత్త బ్రేకు షూలు వేసి బిగించాక బ్రేకులు బంగారంలా పనిచేశాయి. మొన్న ఆదివారం మొదటిసారిగా భార్యను ఎక్కించుకుని షికారుకి బయల్దేరాడు. వీధి చివర దిగుడులో బ్రేకు తొక్కితే పెడలు నేలకి అంటుకుపోయింది. వ్యాను తిన్నగా వెళ్ళి, ఎవరో ఇల్లు కట్టుకోవడానికి పోయించుకున్న ఇసుకలో దూరింది. ఆ ఇసుక లేకపోతే అవతల లారీలు తిరిగే రోడ్డు.

"మీ ఆవిడకి ఎలా ఉంది?" అన్నాడు డిటెక్టివ్.

"చెయ్యి బెణికింది. బంపరు మాత్రం బాగా సొట్టపోయింది."

చంపాలని చూసింది ఎవరో కూడా వ్యానాయనకి తెలుసు. భార్య తమ్ముడు. కాలేజీలో గుమాస్తా, పెళ్ళి చేసుకోకుండా అక్క ఇంట్లోనే మేడ మీద గదిలో ఉంటున్నాడు. వ్యాను వచ్చాక అతని స్కూటరు షెడ్డులోంచి ఎండలోకి పోయింది, అదీ కక్షకి కారణం. ఆదివారం పొద్దున వ్యానాయన స్నానానికి వెళ్ళి, సబ్బు మర్చిపోయి వెనక్కి వస్తే, ఈ బావమరిది స్క్రూడ్రైవరుతో వ్యాను కింద పడుకుని ఉన్నాడు. కాళ్ళు పట్టుకుని బయటికి లాగాల్సి వచ్చింది.

"అంతటితో ఆగాడా? నేను బయల్దేరుతుంటే గేటుకి అడ్డం నిలబడి, 'ఈ రోజు వద్దు బావా, బ్రేకు బాలేదు' అన్నాడు. వాడికెలా తెలుసండీ?"

మాస్టారు మనసులో కేసు మూసేశాడు.

"పెడలు కిందికి పోయినప్పుడు ఏం చేశారు?" అన్నాడు డిటెక్టివ్.

"ఏం చెయ్యనిచ్చింది? మా ఆవిడ పక్కన కూర్చుని 'మళ్ళీ తొక్కండి, మళ్ళీ తొక్కండి' అని ఒకటే గోల. బ్రేకు సంగతి ఆవిడకేం తెలుసు?"

"తొక్కారా?"

"బండి నడిపేది నేనా, ఆవిడా?"

డిటెక్టివ్ కళ్ళు మూసుకున్నాడు. వ్యానాయన తన తీర్మానం చెప్పాడు. బావమరిదిని సూట్‌కేసు సర్దుకోమన్నాడు. సాయంత్రం హత్యాయత్నం కింద పోలీసులకి ఫిర్యాదు ఇస్తాడు. దానికి రుజువొకటి జతచేస్తే బావుంటుందని వచ్చాడు. గుమాస్తా మీద అలాంటి ఫిర్యాదు పడితే, అది నిజమైనా కాకపోయినా, ఆ కాలేజీ అతన్ని మళ్ళీ గడప తొక్కనివ్వదని కూడా ఆయనకి తెలుసు. తెలిసే చెప్పాడు.

వాళ్ళింటి షెడ్డు చాలామంది పూజగదుల కన్నా శుభ్రంగా ఉంది. లాక్కొచ్చి పెట్టిన వ్యాను మధ్యలో నిలబడి, సొట్టపోయిన బంపరుతో, ఎవరిమీదో అలిగినట్టుంది. డిటెక్టివ్ సీట్లోకెక్కి బ్రేకు తొక్కాడు. పెడలు నేలకి తగిలింది. వదిలి వెంటనే మళ్ళీ తొక్కాడు. సగంలో ఆగింది. మూడోసారి తొక్కితే రాయిలా నిలబడింది. దిగి చక్రాల చుట్టూ చూశాడు. ఎక్కడా నూనె కారిన మరక లేదు, గొట్టాలేవీ తెగలేదు.

ఆ తర్వాత నిట్టూర్చి, చొక్కా వంక ఒకసారి జాలిగా చూసుకుని, వ్యాను కిందికి దూరాడు. ఎంతకీ బయటికి రాకపోతే మాస్టారు వంగి తొంగిచూశాడు.

"ఏమైనా దొరికిందాండీ?"

"నడుం పట్టేసింది. మీరూ రండి, బొమ్మ గీయాలి."

మాస్టారు దూరాడు. చక్రం వెనక ఇనప పళ్ళెం నిండా మసి పేరుకుని ఉంది. దానిలో ఒక చిన్న రంధ్రం, రంధ్రానికి రబ్బరు మూత. మూత మాత్రం తుడిచినట్టుంది. అది తీస్తే రంధ్రం అంచున స్క్రూడ్రైవరు గీతలు కనిపించాయి. కొన్ని తళతళలాడుతున్నాయి, కొన్ని మాసిపోయాయి, కొన్నిటికి అప్పుడే తుప్పు పట్టింది. రెండో చక్రం దగ్గరా అంతే. మాస్టారు అన్నిటినీ శ్రద్ధగా గీశాడు. ఆయన కళ్ళకి ఒక్కో గీతా ఒక్కో కత్తిపోటులా కనిపించింది.

ఎదురింటాయన్ని అడగాల్సిన పని కూడా లేకపోయింది. ఆయన అప్పటికే తన గేటు దగ్గర నిలబడి, అడగడం ఆలస్యమైనందుకు నొచ్చుకుంటున్నాడు. ఆయన చెప్పిందేమిటంటే, ఆ వ్యాను ఇంతవరకూ ఊళ్ళోకి వెళ్ళిన పాపాన పోలేదు. పొద్దునా సాయంత్రం గేటు దాకా రావడం, వెనక్కి పోవడం, మళ్ళీ రావడం, మళ్ళీ పోవడం. ఆదివారం పొద్దునైతే వీధంతా చూడాలని మరీ ఎక్కువసార్లు తిప్పాడు. బ్రేకులు విప్పిన రోజు వీధిలో అందర్నీ పిలిచాడట. రెండు చక్రాల సామానూ ఒకే దుప్పటి మీద పరిచి, ఒక్కో స్ప్రింగు పేరూ చెప్పాడట.

"నన్ను నిలబెట్టి ప్రశ్నలు కూడా అడిగాడండీ. నేను రిజిస్ట్రారుగా చేసినవాణ్ణి."

వ్యానాయన ఆ మాట కాదనలేదు. పాఠం సగంలో ఉండగా వాన పడితే, దుప్పటి నాలుగు మూలలూ పట్టి మూటగట్టి లోపలికి తెచ్చానని కూడా చెప్పాడు.

బావమరిది మేడ మీద సూట్‌కేసు పక్కన కూర్చుని ఉన్నాడు. పోట్లాడే ఓపిక కూడా లేని మనిషి. వ్యాను కింద ఏం చేస్తున్నావంటే, చూస్తున్నాను అన్నాడు. ఏం చూస్తున్నావంటే, బ్రేకు అన్నాడు.

"మీ బావకి ముందే చెప్పొచ్చుగా?"

"చెప్పానండీ, మొదట్లోనే. పెడలు కిందికి పోతోంది బావా అంటే, నీకు తొక్కడం రాదన్నాడు."

"మెకానిక్కుని అడిగావా?"

అతను సూట్‌కేసు తాళం తీసి మళ్ళీ వేశాడు.

అక్క అంతకన్నా తక్కువ మాట్లాడింది. బెణికిన చేత్తోనే టీ పెట్టి ఇచ్చింది. మళ్ళీ తొక్కమని ఎందుకన్నారంటే, భయంలో ఏదో అన్నానంది. వ్యానాయన టీ తాగుతూ నెత్తిమీది ఫ్యాను చూపించి, అది తన చేతి మీద బాగుపడిందన్నాడు. మిక్సీ కూడానట. ఏం చేశారని డిటెక్టివ్ అడిగితే, విప్పి, ఊది, మూశానన్నాడు. ఖాళీ గ్లాసులు వంటింట్లో పెట్టడానికి వెళ్ళిన మాస్టారు తిరిగొచ్చి, మిక్సీకి బజారులోని రిపేరు షాపు చీటీ అంటించి ఉందని డిటెక్టివ్ చెవిలో చెప్పాడు. ఆ ముక్క ఎందుకు చెప్పాడో ఆయనకే తెలీదు. డిటెక్టివ్ మాత్రం టీ అక్కడితో ఆపేసి లేచాడు.

సాయంత్రానికి అందరూ షెడ్డులో ఉన్నారు. ఎదురింటాయన తన కుర్చీ తనే తెచ్చుకున్నాడు. డిటెక్టివ్ వ్యాను వెనక జాకీ పెట్టించి, ఎడమ చక్రం, డ్రమ్ము విప్పమని వ్యానాయన్నే అడిగాడు. ఆయన చొక్కా చేతులు మడిచి హుషారుగా విప్పాడు. లోపల రెండు బ్రేకు షూలు అర్ధచంద్రాల్లా ఎదురెదురుగా ఉన్నాయి. వాటి మధ్య పళ్ళ చక్రం ఉన్న మర ఒకటి, దాన్ని ఆనుకుని చిన్న మీట.

"ఈ మర ఎందుకండీ?" అన్నాడు డిటెక్టివ్.

"షూలు అరిగేకొద్దీ వాటిని డ్రమ్ము దగ్గరికి జరపడానికి. బండి వెనక్కి నడుపుతూ బ్రేకు తొక్కితే ఈ మీట ఒక్కో పన్ను తిప్పుతుంది. మర పొడవవుతుంది. బిగింపు దానంతటదే జరిగిపోతుంది."

"మీటని వేలితో నొక్కండి. అలాగే నొక్కుతూ ఉండండి."

వ్యానాయన నొక్కాడు. పళ్ళ చక్రం టిక్కుమంది. నొక్కగా నొక్కగా షూలు రెండూ విడిపోవడానికి బదులు మెల్లగా దగ్గరికొచ్చాయి. వ్యానాయన వేలు ఆగిపోయింది.

"కుడి చక్రం మర ఎడమ చక్రంలో ఉంది" అన్నాడు డిటెక్టివ్. "ఎడమది కుడిలో ఉంటుంది. రెండిటి మరచుట్లూ వ్యతిరేక దిశల్లో తిరుగుతాయి. ఒక పక్క విప్పి, రెండోది చూసుకుంటూ బిగిస్తే ఈ తప్పు జరగదు. మీరు రెండూ ఒకేసారి విప్పి వీధికి పాఠం చెప్పారు. వాన పడితే మూట కట్టారు. మూటలో ఎడమేది, కుడేది?"

వ్యానాయన మీట మీంచి వేలు తీసేశాడు.

"మీరు వెనక్కి నడిపి బ్రేకు తొక్కిన ప్రతిసారీ మర బిగించాల్సింది పోయి వదులు చేసింది. మీరు రోజూ చేసింది ఆ పనే కదా. షూలు దూరమైపోతే మొదటి తొక్కుడంతా వాటిని తోయడానికే సరిపోతుంది, ముందు చక్రాలకి కూడా బలం అందదు. వెంటవెంటనే తొక్కితే అందుతుంది. మీ ఆవిడ చెప్పింది అదే."

వ్యానాయన చప్పున తలెత్తాడు. తప్పు తనదే అయితే బ్రేకులు మొదటి వారంలోనే పోవాలిగా, ఇన్నాళ్ళు బంగారంలా ఎలా ఉన్నాయని అడిగాడు. మంచి ప్రశ్న. మాస్టారు డిటెక్టివ్ వంక ఆశగా చూశాడు.

"చక్రం వెనక రంధ్రంలోంచి స్క్రూడ్రైవరు పెట్టి ఈ మరని తిప్పొచ్చు. ఆ రంధ్రం దగ్గర పాత గీతలు, కొత్త గీతలు, తుప్పు పట్టిన గీతలు ఉన్నాయి. మిమ్మల్ని చంపాలనుకున్నవాడు ఒక్కసారి వదులు చేసి ఊరుకుంటాడు. రోజూ దూరాల్సిన అవసరం చంపేవాడికి ఉండదు, కాపాడేవాడికి ఉంటుంది. మీరు వదులు చేసిందాన్ని ఎవరో మళ్ళీ బిగిస్తున్నారు. ఆదివారం ఆయన పని మొదలుపెట్టకముందే మీరు కాళ్ళు పట్టి లాగేశారు. బ్రేకులు పోయింది ఆ ఒక్కరోజే."

బావమరిది నేల చూస్తున్నాడు. మెకానిక్కు దగ్గర తాను నేర్చుకున్నది ఆ మర తిప్పడం ఒక్కటేనని, ఎందుకు వదులవుతోందో తనకీ తెలీదని మెల్లగా చెప్పాడు. బావ స్నానానికి వెళ్ళినప్పుడు తాను కిందికి దూరేవాడు. అక్క బాత్రూం తలుపు దగ్గర నిలబడి, వేడినీళ్ళు ఇంకాస్త కావాలా అని అడుగుతూ ఆయన్ని లోపలే ఉంచేది.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు వ్యానాయన భార్యతో.

"మీకెప్పుడైనా చెప్పామా?" అందావిడ. కోపంగా కాదు, బాగా అలసిపోయిన గొంతుతో. "మీరు బాగుచేసిన తర్వాత ఎవరో ఒకరిని పిలిచి బాగుచేయించడం ఈ ఇంట్లో అలవాటేగా. దీన్నీ అలాగే లాక్కురావచ్చు అనుకున్నాం."

"మిక్సీ కూడానా?"

"మిక్సీ కూడా."

"ఫ్యాను?"

ఆవిడ కాసేపు ఆలోచించింది. "గోడ గడియారం మాత్రం మీరే చేశారు."

"అది ఆగిపోయి ఉందిగా."

"దాన్నింకా ఎవరికీ చూపించలేదు."

ఎదురింటాయన ఏదో అనబోయాడు. మాస్టారు ఆయన్ని లేపి, కుర్చీ మడిచి చేతికిచ్చాడు.

"ఒక్క సంగతి నాకు అర్థం కాలేదమ్మా" అన్నాడు డిటెక్టివ్. "ఆ పొద్దున బ్రేకు బిగించలేదని మీకు తెలుసు. తెలిసీ ఎందుకెక్కారు?"

"తమ్ముడు వద్దంటే వినలేదు. నేను రానంటే ఆయనొక్కరే వెళ్ళేవారు. పక్కనుంటే మెల్లగా పోనివ్వమని చెప్పొచ్చు కదా అని."

వ్యానాయన ఆవిడ చేతి కట్టు వంక చూశాడు. ఇల్లు చేరిన దగ్గర్నుంచీ ఆయన బంపరు చూశాడు గానీ, ఆ కట్టుని చూసినట్టు లేదు. జాకీ పక్కనే కింద కూర్చుండిపోయి, పోలీసుల దగ్గరికి వెళ్ళడం లేదన్నాడు. చాలాసేపటికి బావమరిదితో, సూట్‌కేసు విప్పేయరా అన్నాడు.

బావమరిది కదల్లేదు. "ఉండమంటే ఉంటాను బావా. కానీ ఇంక స్నానం వేళ చూసి దూరడం నావల్ల కాదు. మెకానిక్కుని ఇంటికే పిలుస్తాను. నీ ఎదురుగానే విప్పిస్తాను. నువ్వు కూర్చుని చూడు."

"ఊరికే చూడాలా?"

"ఊరికే చూడాలి."

వ్యానాయన తెరిచి ఉన్న బ్రేకు వంక, మేడ మెట్ల వంక, భార్య వంక చూశాడు. ఫిర్యాదు రాయడానికి కూడా ఆయన అంత ఆలోచించి ఉండడు.

"మధ్యలో ఒక్క మాట కూడా అనకూడదా?"

"అనకూడదు" అంది భార్య.

"సరే" అని, ఆయన చేతిలోని స్పానరు బావమరిదికి ఇచ్చేశాడు.