నంబర్లు చెరిపేసిన ఐరన్లు

మీరే చేశారు ఇదంతా. ఆరో నంబరు గోల్ఫ్ ఐరన్ అడుగున ఎనిమిది అని గుద్ది అమ్మే కంపెనీల వాళ్ళు, మీరే. "ఎనిమిదితో నూట యాభై మీటర్లు కొట్టా!" అని రొమ్ము విరుచుకునే కస్టమరుకి చప్పట్లు కొట్టే దుకాణదారులు, మీరే. బంతి చెరువులో పడగానే, దూరం చెప్పి ఐరన్ అందించే క్యాడీ పేరు మీద ఫిర్యాదు కార్డు రాయించుకునే క్లబ్బు మేనేజర్లు, మీరే. ఆ దుకాణదారుల్లో నేనూ ఒకణ్ణి. అందుకే మొహమాటం లేకుండా చెప్తున్నాను.

నా పేరు టాక్ ముయోల్. యోంగిన్‌లో గోల్ఫ్ ఐరన్లు అమ్మి, వంచి, సరిచేసే చిన్న దుకాణం నాది.

జూలై వానల్లో ఒక మంగళవారం తలుపు దడాలున తోసుకుని ఒకమ్మాయి లోపలికొచ్చింది. రెయిన్‌కోటు నుంచి నీళ్ళు కారుతున్నాయి. చేతిలో ఒక ఐరన్. దాన్ని నా కౌంటరు మీద టంగుమని పడేసింది.

"ఇది మీరు అమ్మిందేనా?"

"ముందు తల తుడుచుకోండి. టవల్ ఇస్తా."

"టవల్ అడగలేదు. అమ్మింది మీరేనా?"

చూశాను. దాని మెడ మీద నా దుకాణం స్టిక్కరే ఉంది.

"నేనే. బాంగ్ సార్‌ది. మీ దగ్గరికెలా వచ్చింది?"

"సంచీలు మోసే కార్ట్‌లో మర్చిపోయి వెళ్ళాడు. తిరిగిచ్చే ముందు మీకోసారి చూపిద్దామని తెచ్చా. నేను ఆయన క్యాడీని. ప్యో దాన్బి."

దాన్బి అంటే మా భాషలో ఎండిన చేను మీద పడే మంచి వాన. ఆ రోజు మాత్రం నా మీద వడగళ్ళే పడ్డాయి.

"జెండాకి నూట ముప్పైరెండు మీటర్లని చెప్పి ఎనిమిది చేతికిచ్చా. బంతి జెండా చుట్టూ ఉన్న గ్రీన్‌ని కూడా దాటి పొదల్లోకి పోయింది. వారం ముందు అదే చోట, అదే దూరం, అదే ఎనిమిది. అప్పుడేమో నీళ్ళు కూడా దాటలేదు. రెండుసార్లూ ఏమన్నాడో తెలుసా? 'అక్కా, దూరం తప్పు చెప్పావ్.'"

మా దగ్గర అరవై దాటిన మగాళ్ళు కూడా క్యాడీని అక్కా అనే పిలుస్తారు. ఇరవై తొమ్మిదేళ్ళ దాన్బి అలా ఊరందరికీ అక్క. పిలిచేటప్పుడు అక్క, నింద వేసేటప్పుడు పనిమనిషి.

"రెండు కార్డులు పడ్డాయి నా మీద. రెండో దానికి వారం రోజులు ఆట ఇవ్వకుండా గడ్డి లేచిపోయిన గుంటల్లో ఇసుక పోయించారు. మూడో కార్డు పడితే క్యాడీల జాబితాలోంచి పేరు కొట్టేస్తారు. ఆదివారం ఆయన మళ్ళీ వస్తున్నాడు, తన ఫ్యాక్టరీ కొనుగోలుదార్లని వెంటేసుకుని. నేనే కావాలని అడిగాడట. బుద్ధొచ్చిందో లేదో చూస్తాడట!"

జేబులోంచి తడిసిన చిన్న నోటుబుక్కు తీసింది. ఏ కస్టమరు ఏ ఐరన్‌తో నిజంగా ఎంత కొడతాడో అంతా రాసుంది అందులో. బాంగ్ పేజీ నిండా కొట్టివేతలే.

"తొంభై మంది లెక్క కుదిరింది నాకు. ఈయనదే కుదరలేదు. తప్పు నా కళ్ళదా, మీ ఇనుముదా?"

నాకు తెలుసు ఎవరిదో. ఐరన్ ముఖం ఎంత వాల్చితే బంతి అంత ఎత్తు లేచి, దగ్గర్లో దిగి ఆగుతుంది. నంబరు పెరిగేకొద్దీ వాలు ఎక్కువ, దూరం తక్కువ; అందుకే పెద్ద నంబరుతో దూరం కొట్టడం గొప్ప. ఈ ఎనిమిదికి వాలు తగ్గించి ముప్పైఒక్క డిగ్రీలు పెట్టారు, దూరం పోవాలని. ముఖం కూడా పల్చటి రేకు. మధ్యలో తగిలితే స్ప్రింగులా విసిరేస్తుంది, పక్కకి తగిలితే చచ్చిపోతుంది. ఇది తెలిసే అమ్మాను, ఎందుకంటే బాంగ్‌కి కావలసింది దూరం కాదు, గొప్ప.

"ఇనుముదే. అంటే, నాదే," అన్నాను.

ఆమె అప్పుడు టవల్ అందుకుంది.

*

నేను ఫోన్ చేస్తే బుధవారం బాంగ్ తన ఐరన్ కోసం వచ్చాడు. కిటికీ ఫ్రేముల ఫ్యాక్టరీ ఆయనది. లోపల దాన్బిని చూసి ఆగిపోయాడు.

"ఇక్కడేం చేస్తున్నావ్ అక్కా?"

"సెలవు రోజు కదా సార్, కాలక్షేపం."

నంబరు కనపడకుండా రెండు ఐరన్ల అడుగున టేపు అతికించి ఇచ్చాను. ఒకటి ఆయన ఎనిమిదే. రెండోది ముద్ద ఇనుముని సాగగొట్టి చేసినది, ముప్పైనాలుగు డిగ్రీలు, బరువైన కాడ. ఒక్కోదాంతో పదేసి బంతులు వల మీదికి కొట్టమన్నాను. బంతి ఎంత దూరం పోయేదో కొలిచే యంత్రం పక్కనే ఉంది.

మొదటిదాంతో ఒక బంతి నూట నలభైతొమ్మిది పోయింది. "చూశావా!" అని ఎగిరాడు. అదే ఐరన్‌తో ఇంకోటి నూట ఇరవైఏడు దగ్గర పడింది. అప్పుడు ఎగరలేదు. రెండోదాంతో పదీ నూట ముప్పైకీ నూట ముప్పైఐదుకీ మధ్యే పడ్డాయి.

దాన్బి నోటుబుక్కు మూసింది. "కొనుగోలుదార్లు చూస్తుంటే, ఎదురుగా నీళ్ళుంటే, ఏది పట్టుకుంటారు సార్?"

బాంగ్ గొణిగాడు. "రెండోది. కానీ అది ఎన్నో నంబరు? ఏడంటే పరువు పోతుంది. నూట ముప్పైకి ఏడా అంటారు."

అప్పటిదాకా నాకు తట్టనిది అప్పుడు తట్టింది.

"నంబరుండదు సార్. సెట్టు మొత్తానికీ నంబర్లు అరగదీసి డిగ్రీలు కొడతా. నాలుగేసి డిగ్రీల తేడా, పదకొండేసి మీటర్ల తేడా."

"పక్కవాడు ఏ నంబరు కొట్టావని అడిగితే?"

"ముప్పైనాలుగు అనండి," అంది దాన్బి. "వాడి సంచీలో అంత పెద్ద నంబరే ఉండదు."

బాంగ్ పడీపడీ నవ్వాడు. ఇనుము అమ్ముడైంది.

శుక్ర, శనివారాలు డ్యూటీ దిగగానే ఆమె వచ్చేది. ఆమె పట్టుకుంటే నేను అచ్చు పెట్టి సుత్తితో కొట్టేవాణ్ణి. ముప్పైఎనిమిదిలో ఎనిమిది కాస్త పక్కకి ఒరిగింది.

"ఇనుము కేసి చూసి కొట్టండి. నా మొహం మీద ఉందా అచ్చు?"

"వేలు నలుగుతుందేమోనని చూశా."

"నా వేళ్ళు కిందున్నాయి. మీరు పైన చూస్తున్నారు."

బయట వాన ఆగింది. ఇద్దరం ఆగిందని అనలేదు. ఆగిందంటే ఆమె బస్సెక్కాలి.

*

ఆదివారం పొద్దున బాంగ్ ఫోన్. "నాలుగోవాడు రావట్లేదు! నలుగురు లేకపోతే మొహం చెల్లదు. నువ్వు రా!"

వెళ్ళాను. కార్ట్ దగ్గర దాన్బి నా సంచీ తెరిచింది. ఐరన్ల మీది తొడుగు తీసింది. మెరిసే పల్చటి ముఖాలు. బాంగ్‌కి నేనమ్మిన రకమే, అచ్చంగా అదే.

"ఊరికి నిజం అమ్మి, నువ్వు అబద్ధం మోస్తున్నావా?" అంది గొంతు తగ్గించి.

సిగ్గుతో చచ్చాను. అయినా ఒకటి గమనించాను. ఆమె నన్ను నువ్వు అంది. తిట్టడానికే అయినా.

పద్నాలుగో గుంత. సన్నగా జల్లు. గ్రీన్ ముందు నీళ్ళు. కొనుగోలుదార్లిద్దరూ కొట్టేశారు, ఒకడిది మునిగింది. దాన్బి చూపుతో కొలిచి, "నూట ముప్పైరెండు. ముప్పైనాలుగు తీసుకోండి సార్," అంది.

బాంగ్ కొట్టాడు. బంతి ఎత్తుగా లేచింది, జల్లులో కాసేపు కనపడలేదు. తర్వాత జెండాకి మూడడుగుల్లో టప్పున పడి ఆగిపోయింది.

"ఏ నంబరు?" అని ఒక కొనుగోలుదారు అడిగాడు.

"ముప్పైనాలుగు!" అని అరిచాడు బాంగ్.

నా వంతు. "మీ ఎనిమిది నమ్మొద్దు, తొమ్మిదితో మెల్లగా," అందామె, నలుగురిలో కాబట్టి మీరు అని. నేను ఎనిమిదే తీశాను, ఆమె చూస్తోంది కదా, గట్టిగా కొడదామని. బంతి ముఖం పక్కకి తగిలి నీళ్ళలో బుడుంగుమంది.

"రాయి, రాయి! అక్క మీద కార్డు రాయి!" అని బాంగ్ చప్పట్లు కొట్టాడు.

ఆట అయ్యాక క్లబ్బులో నిజంగానే కార్డడిగాను. దాన్బి మొహం తెల్లబోయింది. దాని మీద ఇలా రాశాను: క్యాడీ చెప్పింది నిజం, నేనే వినలేదు. సంతకం పెట్టి బాంగ్ ముందుకు తోశాను.

"మీ రెండు కార్డులూ వెనక్కి తీసుకోండి సార్. ఇప్పుడే."

"ఈ వయసులో వెళ్ళి నేనన్నది తప్పని చెప్పాలా?"

"ఆమె ఇసుక మోసింది సార్. మీరు నాలుగడుగులు నడవలేరా?"

బాంగ్ చేప ముక్కల పులుసు చివరి చుక్క దాకా తాగాడు. లేచాడు. మేనేజరు గదిలోంచి ఆయన గొంతు బయటికి వినపడింది. "తప్పు ఐరన్‌దని రాయవయ్యా! నాదని రాయకు!"

కార్డులు రెండూ చిరిగాయి. దాన్బి టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు. పక్కన నిలబడ్డాను.

"నీకు ఆ కార్డు చూసి నా మీద కోపమొచ్చిందా?"

"కొట్టేదాన్ని. ముప్పైనాలుగుతో."

"దాన్బీ, నువ్వంటే నాకిష్టం. అమ్మకం మాట కాదు."

టోపీ కొద్దిగా దిగింది. "మీ దుకాణం నుంచి మా ఇల్లెంత దూరం?"

"బస్సులో నలభై నిమిషాలు."

"ఎన్నిసార్లు వచ్చినా నలభయ్యేనా?"

ముప్పై అందామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. "వానొస్తే యాభై," అన్నాను.

"సరే. రేపు వానే. యాభై నిమిషాల ముందు బయల్దేరు. మా అమ్మ అన్నం తొందరగా వడ్డిస్తుంది."

వెళ్ళాను. ఆ ఇంట్లో ఇప్పుడు నాకొక అన్నం గిన్నె ఉంది. కానీ బాంగ్ మనసు మారబట్టి, ఎదురుగా నేనుండబట్టి దాన్బి పేరు జాబితాలో మిగిలింది. పక్క కార్ట్ మీది అమ్మాయికి ఎవరున్నారు? మేనేజర్లూ, మీకే చెప్తున్నా. ఆ కార్డులో కస్టమరు మాటకి పది గీతలున్నాయి. క్యాడీ మాటకి ఒక్కటీ లేదు. గీయండి. ఆమె చెప్పింది రాసుకోకుండా ఎవరి చేతికీ ఇసుక బకెట్ ఇవ్వకండి. వచ్చే నెల మీటింగులో కాదు, రేపు పొద్దున మొదటి కార్ట్ కదిలే లోపు.