లొవీసాకు పోయని నీళ్ళు

శనివారం వచ్చిందంటే ఆ ఇంటి ఆవిరిస్నానాల గది, సౌనా, వేడెక్కాల్సిందే. సరస్సు ఒడ్డున పొగచూరిన కొయ్య గది, లోపల రాళ్ళ పొయ్యి, మెట్లలా బల్లలు. ఉత్తరదేశపు చలికాలం కావడంతో మధ్యాహ్నం కాఫీ తాగేలోపే బయట చీకటి పడిపోయింది.

హిల్కా ఇంట్లోంచి సౌనాకి బయల్దేరుతుంటే తల్లి ఆవునె అలవాటు ప్రశ్న వేసింది.

"చెట్టుందా?"

"ఉందమ్మా."

ఆవునెకి చూపు లేదు. అందుకే ఆ అబద్ధం ఇన్నాళ్ళు నిలబడింది. శ్మశానం దారిలో ఉండే ఆ పైన్ చెట్టు మానుకి ఆవునె తల్లి లొవీసా పేరు చెక్కి ఉండేది. పోయినవాళ్ళు ఇంటిదారి పడితే, చెట్టు మీద తమ పేరు చూసి, తాము చచ్చిపోయామని గుర్తు తెచ్చుకుని వెనక్కి మళ్ళుతారని ఆ ఊరి నమ్మకం. వసంతంలో తమ్ముడు వేయికో రంపం పట్టుకొచ్చాడు.

"దారి లారీకి కావాలా, దెయ్యాలకి కావాలా అక్కా?"

హిల్కా నవ్వింది. "కొట్టెయ్. అమ్మకి మాత్రం చెప్పకు."

ఆ చెట్టు కట్టెలే ఇప్పుడు పొయ్యిలో చిటపటలాడుతున్నాయి.

ఊళ్ళో పురుళ్ళు పోసిందీ లొవీసాయే, శవాలకి స్నానం చేయించిందీ ఆమే. రెండూ ఈ గదిలోనే. దిక్కులేని తాగుబోతు పోయినా నీళ్ళు గోరువెచ్చగా కాచేది. "చన్నీళ్ళు పోస్తే శవానికి కోపం రాదు. మనకి సిగ్గు రావాలి" అనేది. విషజ్వరాలొచ్చిన ఏడు ఆమే మంచాన పడింది. "నువ్వైనా నన్ను కడుగు" అని పదమూడేళ్ళ కూతుర్ని అడిగి కన్నుమూసింది. ఆవునె భయపడి అటకెక్కి దాక్కుంది. ఊరంతా కడిగిన మనిషిని ఊళ్ళో ఒక్కరూ ముట్టలేదు. దుప్పటితోనే పెట్టెలో పెట్టి తీసుకెళ్ళారు. చెట్టు మీద పేరు మాత్రం చాలా లోతుగా చెక్కారు.

హిల్కా రాళ్ళ మీద నీళ్ళు చల్లింది. ఆవిరి బుస్సుమని లేచింది. జిగురు వాసన. దాని అడుగున ఇంకో వాసన, తవ్విన తడిమట్టిది. దీపం లేదు. పొయ్యి సందులోంచి వచ్చే ఎర్రని వెలుగు తప్ప ఏమీ కనబడడం లేదు.

పై బల్ల కిర్రుమంది.

"వీపు రుద్దవే..."

తన వెనకే రావాల్సిన అమ్మ అప్పుడే వచ్చేసిందనుకుంది హిల్కా. గుడ్డకి సబ్బు రాసి పైకి చేయి చాచింది. ఎముకల వీపు. రుద్దింది... ఒళ్ళు మండే ఆ వేడిలో, ఆ వీపు మంచులా ఉంది.

"అమ్మా, ఇంత చల్లగా ఉన్నావేంటి?"



బయట తలుపు కొట్టిన చప్పుడు. "హిల్కా! గడియ తియ్యవే, చలికి చచ్చిపోతున్నా."

అమ్మ గొంతు.

గుడ్డ జారిపోయింది. హిల్కా తలుపు దగ్గరికి ఎలా వెళ్ళిందో ఆమెకే తెలీదు. గుమ్మంలో ఆవునె ముక్కు ఎగబీల్చి ఆగిపోయింది.

"ఏ కట్టె ఇది?"

వేరే కట్టె పేరు ఏదైనా చెప్పొచ్చు. కానీ అబద్ధానికి కూడా నోట్లో తడి ఉండాలి.

"కొట్టించేశానమ్మా... నేనే."

తల్లి తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఎక్కడుంది మా అమ్మ?"

"పై బల్ల మీద..."

"నువ్వు బయటుండు. నా పని ఇన్నేళ్ళు ఎగ్గొట్టాను. ఇప్పుడు నా కూతురితో చేయించనా?"

తలుపు మూసుకుంది. సౌనా ముందు గదిలో కోటు కప్పుకుని హిల్కా నిలబడింది. లోపల నీళ్ళు పోస్తున్న చప్పుడు... గుడ్డతో రుద్దుతున్న చప్పుడు... మళ్ళీ నీళ్ళు.  తప్పు చేసింది తను, తీరుస్తున్నది ముసలి తల్లి. లోపలికి వెళ్ళాలి. తలుపు మీద చేయి వేసి, మళ్ళీ తీసేసింది.

చాలాసేపటికి ఆవునె బయటికొచ్చింది. తడిజుట్టు పాపిడి తీసి చక్కగా దువ్వి ఉంది. ముఖంలో ముడతలన్నీ సర్దుకుపోయినట్టున్నాయి.

"కడిగేశావా అమ్మా?"

"నేనా? నన్ను గుడ్డ ముట్టనిస్తే కదా! పడుకోబెట్టి తనే నన్ను కడిగింది. వేళ్ళ సందులు కూడా వదల్లేదు."

హిల్కా తల్లి చేయి పట్టుకుంది. ఇందాకటి వీపులాగే చల్లగా ఉంది.

లోపల ముంత మళ్ళీ నీళ్ళలో మునిగింది.

"వెళ్ళు" అంది ఆవునె మెల్లగా. "నీ కోసమే తోడుతోంది."