చారులో ఇంగువ

జగిత్యాల బస్టాండ్ వెనుక సందులో, పట్టపగలు పదిన్నరకు, ఇన్‌ఫార్మర్ జగదీశ్ కడుపులో కత్తి దించారు. ఏజెంట్ హైదర్ చేరేసరికి కొనఊపిరి మిగిలింది.

"తంగళ్ళపల్లి... నీలిరేకుల సాంచాల షెడ్డు. చీరెల వ్యాన్ల బాంబు. మూడింటికి."

అంతే. తల వాలిపోయింది.

హైదర్ చీఫ్ రజితకు ఫోన్ చేశాడు.

"విదేశీ ముఠా పని," అన్నది రజిత. "బాంబు వైరింగ్ మన ఏజెంట్ మెహజబీన్‌కు ఎరుక. కోరుట్లల ఉంటది. కోడ్: బీడీ ఆకు తడిసింది. నీ పానం ఎట్లుంది?"

"నడుస్తున్నది మేడమ్."

రెండు వారాల కిందటే అతనికి సీలియాక్ అని తేలింది. గోధుమలోని గ్లూటెన్ రవ్వంత కడుపులోకి పోయినా పేగులు మెలిపెడతాయి. ఆ సంగతి రజితకు తప్ప డిపార్ట్‌మెంట్‌లో ఎవరికీ తెలియదు.

కోరుట్లలో తలుపు తీసిన మెహజబీన్ నల్ల సల్వార్‌లో మెరిసిపోతోంది.

"బీడీ ఆకు తడిసింది."

"ఎండకు ఆరబెట్టు. లోపలికి రా. రెండు వైర్లుంటయి, ఆకుపచ్చది కొయ్యి. తిని పో. నీకు గోధుమ పడదు గదా, రొట్టెలు చెయ్యలే."

"కబాబుల రస్కు పొడి ఏసినవా?"

"జరంత."

కబాబ్ పక్కకు జరిపాడు. సోయా సాస్ వేసిన చికెన్ కూడా వద్దన్నాడు. ఆ సాస్‌లోనూ గోధుమ ఉంటుందని డాక్టర్ రాసిచ్చింది. అన్నం, చారు మాత్రమే తిన్నాడు.

వేములవాడ దాటాక పేగులు ముడిపడ్డాయి. కారు ఆపి రోడ్డు పక్కన వాంతి చేసుకుంటుంటే తట్టింది. వెంటనే ఫోన్ తీశాడు.

"మేడమ్, నా జబ్బు సంగతి మెహజబీన్‌కు చెప్పిన్రా?"

"లేదు. ఫైల్ నా లాకర్లనే ఉన్నది."

"ఎవరో తెరిచిన్రు. ఆమె వాళ్ళ మనిషి."

రెండూ యాభై ఐదు. షెడ్డులో నలభై సాంచాలు, చీరెలు నేసే మరమగ్గాలు, దడదడలాడుతున్నాయి. తుపాకీ పేలినా బయటికి వినిపించదు. గేటు దగ్గర కాపలావాడి మోకాలిని హైదర్ ఇనుప రాడ్‌తో విరగ్గొట్టాడు. కత్తితో దూకిన రెండోవాడి చేతిని నడుస్తున్న సాంచాలోకి తోశాడు. నేస్తున్న తెల్లగుడ్డ ఎర్రబడింది.

వ్యాన్ పక్కన మెహజబీన్ పిస్టల్ పట్టుకుని నిలబడి ఉంది.

"అన్నీ అడిగినవు, చారుల ఇంగువ సంగతి అడగలే. ఇంగువ పొడిల సుత మైదా ఉంటది. ఇంకో గుప్పెడు నేను కలిపిన."

"విషమే పెడితే అయిపోతుండె గదా."

"నువ్వు సస్తే ఇంకో పదిమంది వస్తరు. కడుపునొస్తే ఎవ్వరు రారు."

ఆమె ట్రిగ్గర్ నొక్కింది. అదే క్షణం కడుపు మెలితిరిగి హైదర్ నిలువునా వంగిపోయాడు. గుండు వీపు మీదుగా దూసుకుపోయింది. వంగినవాడు వంగినట్టే రెండుసార్లు కాల్చాడు. ఆమె చీరెల మూటల మీద కూలింది.

టైమర్ మీద ఏడు సెకన్లు. ఆమె చెప్పింది ఆకుపచ్చ. ఎర్రది కోశాడు. అంకె ఒకటి దగ్గర ఆగింది.

హైదర్ నేల మీదే కూర్చుని ఫోన్ తీశాడు. "ఆగింది మేడమ్. జగదీశ్ ఇంటికి ఎవ్వరిని పంపకుండ్రి. నేనే పోయి చెప్త."

"ముందుగాల దవాఖానకు పో," అన్నది రజిత.

సాయంత్రం సెలైన్ ఎక్కుతుండగా నర్సు ప్లేటు తెచ్చింది. "బ్రెడ్ తినుండ్రి సార్. కడుపుకు తేలికగ ఉంటది."

హైదర్ ఆమె ఐడీ కార్డు చూపించమన్నాడు.