కాలిన నాకా ముందట తీసిన ఫోటో

హాలియా దాటి కృష్ణ దిక్కు పోయే బండ్ల తొవ్వల, నాలుగు మైళ్ల మీద, కాలిపోయిన కరోడుగిరి నాకా ఒకటి ఉండె. గుంటూరు దిక్కు నుంచి నది దాటి వచ్చే ఉప్పు మీద, బట్ట మీద, మంచినూనె మీద నిజాం సర్కారు పన్ను గుంజిన జాగా అది. పొద్దు గూకినంక ఆ తొవ్వల మనిషి నడిచేది లేకుండె. బండ్లోళ్లు ఎడ్ల మెడల గంటలు ఇప్పి ఒడిల వెట్టుకొని, మాట మాట్లాడకుండ దాటేటోళ్లు.

ఎందుకంటె — ఆడ పన్ను వసూలు చేసే నాకేదారు అబ్దుల్ ఖాదర్ అండ్లనే కాలి సచ్చిండు.

నలభై ఎనిమిది ఎండకాలం, నిజాం మీద తిరగవడ్డ సంఘపోళ్లు అగ్గివెట్టిన రాత్రి ఆయన లోపల పండుకొని ఉన్నడట. తెల్లారి బూడిద తోడితె ఎముక గూడ దొరకలే. దొరకనందుకే జనానికి ఇంకింత భయం... వానకాలం ఎల్లిపోతుండంగ, కప్పు లేని ఆ గోడల నడుమ నుంచి దగ్గు ఇనవడవట్టింది. పొడి దగ్గు. ఆగి ఆగి వచ్చే దగ్గు. నాకేదారు బతికున్నప్పుడు గట్లనే దగ్గేటోడని అక్కడ పన్ను కట్టిన ప్రతి మనిషికి ఎరుకే.

ఈ ముచ్చట నల్లగొండల ఫోటో దుకాణం నడిపిన ఫక్రుద్దీన్ ముసలితనంల చెప్పిండు. ఆయనకు చెప్పింది దామోదర్ రావు. జరిగింది గూడ ఆ దామోదర్ రావుకే.

దామోదర్ రావు హైదరాబాదుల పుట్టి పెరిగిన ఫోటోగ్రాఫర్. ఇస్త్రీ పాయింటు, తలకు హ్యాటు, మెడల తోలు సంచి. ఆయన లెక్కల మనుషులు రెండే రకాలు — ఫోటోకు పనికొచ్చేటోళ్లు, పనికిరానోళ్లు. పనికొచ్చేటోళ్ల మీద గూడ మర్యాదేం లేకుండె. పల్లెలోళ్ల ముఖాలు కావాలెనని బొంబాయి బొమ్మల పత్రిక ఒకటి రాస్తె, పోలీసు యాక్షన్ అయిన రెండు నెలలకు, కార్తీకంల, హాలియాల దిగిండు. బీరన్న అనేటాయన బండి కిరాయికి మాట్లాడుకున్నడు.

సరిగ్గ నాకా ముందటికి రాంగనే బండి ఇరుసు శీల ఊడి వడ్డది.

పొద్దు ఇంక రెండు బారలు ఉంది. అయినా బీరన్న నాకా దిక్కు చూడకుండనే కింద వంగి దేవులాడుతున్నడు.

"దిగకు సారూ... ఒక్క నిమిషం. శీల దొరకవడితె పోదాం."

"ఏం, దెయ్యం పట్టుకుంటదా?" అని దామోదర్ రావు నవ్విండు. "మీకు అన్నం లేకున్నా బతుకుతరు గాని దెయ్యం లేకుంటె బతకరు."

అప్పుడు కనవడ్డది ఆయనకు — నాకా గడపల ఒక ముసలమ్మ. ఒళ్లె మట్టి ముంత, ముంత మీద మోదుగాకు. గోడకు ఆనకుండ నిటారుగ కూసున్నది. ముఖం నిండ ముడుతలు, అండ్ల పడమటి ఎండ. కండ్లు ఒక్క కాడ నిలిచి ఉన్నయి, ఎక్కడో దూరం చూస్తున్నట్టు.

దామోదర్ రావు కెమెరా పై నుంచి తల వంచి చూసే డబ్బా. మనిషి దిక్కు చూసే పని లేదు. బండి దిగి తల వంచిండు, డబ్బల అద్దంల ముసలమ్మ చిన్నగ కనవడ్డది. రెండడుగులు ముందటికి జరిగిండు. నొక్కిండు.

ముసలమ్మ కదలలే.

బీరన్న శీల కొట్టుకుంట గొణిగిండు. "గామె బాలనర్సమ్మ. జర అడిగి తియ్యకపోతివి సారూ..."

"అడిగితె ముఖం బిగదీస్తది, కట్టె లెక్క అయితది. తీస్తున్నట్టు ఎరుక లేకుంట తీస్తెనే పానం ఉంటది. నీకేం తెలుస్తది గని, బండి తోలు."

బండి కదిలింది. ఆమెను ఒక్క మాట గూడ పలకరియ్యలే.

మూడు రోజులకు నల్లగొండల ఫక్రుద్దీన్ దుకాణం ఎనక చీకటి అర్రల ఆ నెగెటివ్ బయటికి తీసిండ్రు. నిజాం రాజ్యం పోయి ముసల్మాన్ల మీద మంది వడుతున్న ఆ రోజులల్ల ఫక్రుద్దీన్ దినం గడ్తె చాలన్నట్టు బతుకుతున్నడు. బోర్డు మీది తన పేరు సున్నంతోని తనే తుడిపిచ్చుకున్నడు. గిరాకి లేదు. హైదరాబాదు సాబు అర్ర అడిగితె కాదనలే.

ఎర్ర దీపం. చిన్న నెగెటివ్‌ను పెద్ద ఫోటో చేసే, పెట్రోమాక్స్ దీపం వెట్టిన డబ్బా. మందునీళ్ల తట్టల కాయితం మెల్లగ తేరుకుంటున్నది... ముందుగాల చీర అంచు, ఎన్క ముంత, ఎన్క ముఖం.

"సప్పగున్నది" అన్నడు దామోదర్ రావు. "గోడ బూడిద, తలుపు బూడిద, ముసల్ది బూడిద. గిది ఎవడు చూస్తడు?"

నిజమే. కప్పు కాలిపోయినందుకు లోపలికి మీది నుంచి వెలుతురు వడ్డది. గడప ఎనక ఉండవలసిన చీకటి లేదు. ఆ బూడిదల ఏమో... ఒక మచ్చ.

ఫక్రుద్దీన్ తట్ట మీదికి వంగిండు. 

ముసలమ్మ భుజం ఎనక — రెండు కండ్లు. పీక్కపోయిన దవుడలు. మాసిన గడ్డం. నోటి మీద చెయ్యి అడ్డం వెట్టుకొని, కెమెరా దిక్కే చూస్తున్న ముఖం.

"యా అల్లా..." అన్నడు ఫక్రుద్దీన్. "గీయన నాకెరుక సాబ్. నౌకరి కాయితాలకు ఫోటో తీసింది నేనే. అబ్దుల్ ఖాదర్... నాకేదారు. సచ్చిపోయిండు."

దామోదర్ రావు తట్ట కాడ నుంచి ఒక అడుగు ఎనకకు జరిగిండు. కాయితం తట్టల ఇంక నల్లవడుతున్నది, కండ్లు ఇంక లోతుకు పోతున్నయి. తీసి, నలుపును ఆపే రెండో తట్టల ఏసేదానికి ఆయనకు చెయ్యి లేవలే. ఫక్రుద్దీనే తీసిండు.

కొంచెంసేపే. అటెన్క దామోదర్ రావు తెలివి మల్ల తన తొవ్వల వడ్డది. దెయ్యాలు లేవని బీరన్నను ఎక్కిరిచ్చిన మనిషే, దెయ్యంతోని పేరు వస్తదంటె ఒప్పుకున్నడు. ఎలుగు ఎక్కువ వడ్డకాడ కాయితం నల్లగైతది, అడ్డం వెట్టినకాడ తేటగుంటది. అట్ట ముక్క కత్తిరిచ్చి, సన్న తీగెకు గుచ్చి, ఎలుగు వడేటప్పుడు తలుపు మీద ఆడిచ్చి ఇంకో కాయితం తీసిండు. ఈ సారి ముసలమ్మ నలుపుల కలిసిపోయింది. ఎనక ముఖం తేటగ బయటికొచ్చింది.

"గిది బొంబాయికి పంపుత. కాలిన నాకాల సచ్చినోని ఫోటో. దేశమంత చూస్తది."

"వద్దు సాబ్. సచ్చినోళ్ల జోలి..."

"నువ్వు గూడ గా బండోని లెక్కనే ఉన్నవు" అన్నడు దామోదర్ రావు. ఒక్క ఫోటో ఉంటె కెమెరా తప్పంటరు. రెండు ఉంటె ఎవడూ అనడు. మరునాడే మల్ల హాలియా ఎల్లిండు.

ఈ సారి బీరన్న నాకాకు అర మైలు ఇవతల, మోదుగు పొదల కాడ ఎడ్లను నిలవెట్టిండు. ఎంత ఇస్తనన్నా ముందటికి రాలే. దామోదర్ రావు తిట్టి, బ్యాటరీ లైటు వట్టుకొని ఒక్కడే నడిచిండు.

పొద్దు గూకింది. గాలి లేదు. నాకా గోడలు నల్లగ నిలవడి ఉన్నయి. గడపల ఎవలు లేరు...

గడప దాటిండు. కాలి కింద బొగ్గు నలిగింది. లైటు ఒత్తుదామని బొటనవేలు మీద వెట్టిండు.

దగ్గు.

పక్క నుంచే. చెయ్యి సాపితె అందేంత దూరం నుంచి.

ఒత్తిండో, వేలే జారి ఒత్తుకున్నదో — లైటు వెలిగింది. మూల గోడకు ఒరిగి అదే ముఖం. అవే కండ్లు. నోటి మీద అదే చెయ్యి.

దామోదర్ రావు ఎల్లెలుకల వడ్డడు. కెమెరా మెడకు ఉరి లెక్క తగిలింది.  కూలవడినోడు కూలవడినట్టే ఎనకకు పాకుతున్నడు...

"దగ్గకని ఎన్నిసార్లు చెప్పాలె నీకు" అని ఎనక నుంచి ఒక ఆడగొంతు గుసగుసలాడింది. "తొవ్వ మీద బండి ఆగింది. చూసినవా, ఎవడో లోపలికే వచ్చిండు."

బాలనర్సమ్మ. చేతుల ముంత. కింద వడి ఉన్న దామోదర్ రావును చూసింది, అడ్డం వడ్డ కట్టెను దాటినట్టు దాటింది, పోయి మూలకున్న మనిషి ముందట కూసున్నది. మోదుగాకు తీసి జొన్న గటక పెట్టింది.

మనిషి తిన్నడు. గటగట నీళ్లు తాగిండు.

"ఈ... ఈయన సచ్చిపోలేదా?" అన్నడు దామోదర్ రావు.

"సస్తె నాకు గీ తిప్పలెందుకు?"

అగ్గివెట్టిన రాత్రి అబ్దుల్ ఖాదర్ ఎనక గోడ దునికి పారిపోయిండు. సూర్యాపేట దిక్కు చుట్టాలింట్ల తలదాచుకున్నడు. పోలీసు యాక్షన్ అయినంక ఆ ఇంటి మీద గొడ్డండ్లతోని మంది వడ్డరు. ఇద్దరు సచ్చిండ్రు. ఈయన రాత్రులు నడిచి, పగలు పొదలల్ల పండి, మల్ల ఈడికే వచ్చిండు. ఎందుకంటె ఎవలు అడుగువెట్టని జాగా జిల్లాల ఇదొక్కటే — తన దెయ్యం కాపలా ఉన్న జాగా.

"నీకేమైతడు?" అని అడిగిండు దామోదర్ రావు.

"ఏమైతడు, పీడ అయితడు" అన్నది బాలనర్సమ్మ. "నా బిడ్డ పురుటికని గుంటూరు దిక్కు నుంచి నూనె తెస్తుంటె ఈ గడపలనే గుంజుకున్నడు. ఒక్క గిద్దెడు ఉంచుమంటె నూకిండు. నాకా కాలవెట్టిన రాత్రి వాసాల మీద గాసునూనె పోసింది నేనే. మల్ల నేనే పెడుతున్న గటక."

అబ్దుల్ ఖాదర్ తల వంచుకున్నడు.

"మరెందుకు పెడుతున్నవు?"

ఆమె ముంత దులిపింది. "కట్టెలకు వచ్చిన నాడు చూసిన. గొడ్డు లెక్క నాలుగు కాళ్ల మీద పాకుతున్నడు. ఊర్ల చెప్తె నరుకుతరు. నరికితె సూడగలుగుతనా... సూడలేను. అంతే. వీడు మంచోడని గాదు."

అప్పుడు అబ్దుల్ ఖాదర్ మొదటిసారి నోరు తెరిచిండు. "సాబ్... మొన్న మీరు తీసిన దాంట్ల నేను వడ్డనా?"

దామోదర్ రావు మెడల సంచిని దగ్గరికి గుంజుకున్నడు. సంచిల ఆ ఫోటో ఉన్నది.

బాలనర్సమ్మకు అర్థమైంది. లేవలే, బతిమాలలే. "వడ్డడన్నట్టు. ఇగ తీస్కపోయి చూపియ్యి. రేపటికి మంది వస్తరు. నరికేటప్పుడు గూడ తీసుకో, ఎలుగు మంచిగుంటది."

దామోదర్ రావు మనుషులను చిన్నగ చూసిండు గని, తనను ఎవలన్న అంత చిన్నగ చూసుడు ఆయనకు అప్పటిదాక ఎరుక లేదు. ఎదురుంగ, లైటు ఎలుగుల, జల్మల మల్ల దొరకని ముఖం ఉన్నది. కెమెరా మెడలనే ఉన్నది. ఆయన చెయ్యి దాని మీదికి పోలే. లైటు ఆర్పిండు. చీకట్ల తడుముకుంట బయటవడ్డడు.

నల్లగొండకు తిరిగొచ్చి సంచిల ఫోటోను, మొదటిదాన్ని గూడ ముక్కలు చేసి పొయ్యిల ఏసిండు. ఫక్రుద్దీన్‌కు అంత చెప్పిండు. చెప్పుకుంటనే నెగెటివ్ మల్ల పెట్రోమాక్స్ డబ్బల వెట్టిండు. ఈ సారి అట్ట ముక్కను ముసలమ్మ ముఖం మీద ఆడిచ్చిండు, తలుపు మీద ఎలుగు వడనిచ్చిండు. పది లెక్కవెట్టిండ్రు. ఇరవై. నలభై. ఫక్రుద్దీన్ పెదవుల మీద లెక్క ఆగలే. తట్టల కాయితం తేరుకుంటుంటె తలుపు నల్లవడ్డది, గోడ నల్లవడ్డది, భుజం ఎనక ఉన్నదంత నలుపుల మునిగింది. ఆ నలుపుల నుంచి ముసలమ్మ ముఖం ఒక్కటే బయటికొచ్చింది. ప్రతి ముడుత చెక్కినట్టు. కనురెప్ప మీది ఎండ గూడ లెక్కవెట్టొచ్చు.

 దామోదర్ రావు జల్మల గసొంటి ఫోటో తియ్యలే. తీయాలెనని గూడ గాదు, ఒక మనిషి కనవడొద్దని చేసిండు.

నెగెటివ్ మీది అబ్దుల్ ఖాదర్ ముఖాన్ని ఫక్రుద్దీన్ సన్న కత్తితోని గీకేసిండు. ఐదు రోజులకు తన బీబీ హసీనాను కూసోవెట్టుకొని, పరదా కట్టిన బండి తోలుకొని హాలియా దిక్కు పోయిండు. వచ్చేటప్పుడు బండ్ల ఇద్దరు బుర్ఖాలోళ్లు ఉన్నరు. ఒకరికి ఒకటే దగ్గు. తొవ్వల మిలిట్రీ క్యాంపు కాడ సిపాయిలు ఆపితె, క్షయ రోగం, హైదరాబాదు దవాఖానకని హసీనా చెప్పింది. సిపాయి ముక్కు మూసుకొని పొమ్మన్నడు.

ఫోటో బొంబాయి పత్రికల నిండు పేజీ వచ్చింది. తనను ఎవరో చూస్తున్నారని ఎరుగని తల్లి అని, ఆ కండ్లల్ల ఈ నేల దుఃఖమంత ఉన్నదని రాసిండ్రు. దామోదర్ రావుకు పేరొచ్చింది.

ఉగాది దాటినంక ఆయన ఒక పెద్ద ఫోటోకు అద్దం కట్టిచ్చుకొని బాలనర్సమ్మ ఊరికి పోయిండు. ఆమె వాకిట్ల పల్లికాయ ఒలుస్తున్నది. చేతులు తుడుసుకోకుండనే అందుకున్నది.

"అవ్వా, నీ కండ్లల్ల దుఃఖం చూసి పెద్ద పెద్దోళ్లు ఏడ్సిండ్రు" అన్నడు.

"దుక్కమా?"

ఆమె ఫోటోను ఎలుతురు దిక్కు తిప్పింది. చానసేపు చూసింది. మెల్లగ నవ్వు వచ్చింది ఆమెకు.

"నువ్వు తలకాయ వంచుకొని డబ్బల చూసుకుంటున్నవు కొడుకా. నేను నిన్నే చూస్తున్న — బండి ఆగినకాడి నుంచి. లోపల వాడు ఎక్కడ దగ్గుతడో అని పానం గుప్పిట్ల వెట్టుకున్న. ఈ దొంగసచ్చినోడు ఎప్పుడు పోతడా అని మనసుల తిట్టుకుంట కూసున్న. గదే వడ్డది నీ ఫోటోల."

ఫోటో ఆయన చేతుల వెట్టి, మల్ల పల్లికాయకు వంగింది.

దామోదర్ రావు అప్పుడు చూసిండు ఆ కండ్ల దిక్కు, మొదటిసారి సక్కగ. దూరం చూస్తలేవు అవి. కెమెరా మీది నుంచి, వంగిన తల మీద నిలిచి ఉన్నయి. దుఃఖం కాదు అది. అసహ్యం.

ఫక్రుద్దీన్ చెప్పంగ, ఆ ఫోటో అటెన్క దామోదర్ రావు ఇంట్ల ఏ గోడ మీద నిలవలే. హాల్ల తలిగిచ్చి చూసిండట, అర్రల తలిగిచ్చి చూసిండట... ఏ గోడకు వెట్టినా, ఆయన ఏ మూలకు కూసున్నా, ముసలమ్మ ఆయన్నే చూస్తుండెనట.