వంద కేబీల్లో ఒక మొహం

ముంచింగిపుట్టు సంతలో సురేంద్రను పొడిచి చంపినవాళ్లు అతని పర్సు ముట్టుకోలేదు. చేతి గడియారం ముట్టుకోలేదు. ఫోన్‌లోంచి మెమరీ కార్డు మాత్రం లాక్కుపోయారు.

ఆ వార్త మోసుకొచ్చింది స్వయంగా నిఘా విభాగం చీఫ్ జగన్నాథరావు. మంకీ క్యాప్, మెడలో కెమెరా, అచ్చం టూరిస్టు. అరకు స్టేషన్ బయట రత్నాలు అనే ఆవిడ మొక్కజొన్న పొత్తుల బండి దగ్గర నిలబడి, పక్కనున్న కాఫీ ఏజెంటుతో మాట కలిపాడు. ఆ ఏజెంటే సన్యాసిరావు. మూడేళ్లుగా అదే అతని ముసుగు.

“పొగమంచు ఎప్పుడు వదులుతుంది?”

“కాఫీ పూసేదాకా వదలదు.”

కోడ్ సరిపోయింది. రత్నాలు నిప్పులు విసురుకుంటూ అటు తిరగగానే చీఫ్ గొంతు తగ్గించాడు.

“విదేశీ ముఠా. విశాఖ డాక్‌యార్డు ప్లాన్లు కొట్టేసి ఈ కొండల్లో దాచారు. రేపు కొరియర్ కిరండూల్ పాసింజర్లో వైజాగ్ దిగుతుంది. స్టేషన్లోనే సరుకు చేతులు మారుతుంది. సురేంద్ర ఆ కొరియర్‌ని ఫోటో తీశాడు. అందుకే పోయాడు.”

“ఇక్కడే పట్టుకోనా?”

“వద్దు. అందుకునేవాడు కావాలి. నువ్వు మొహం పంపు చాలు. ఫోన్లో మాట్లాడకు, వింటున్నారు. నెట్‌లో మన ఆర్కిడ్ పూల ఫోరంలో పెట్టి, కింద ‘పురుగు పట్టిన పువ్వు’ అని రాయి. మనవాళ్లు చూస్తుంటారు.”

“సాయం?”

“మిణుగురు. ముఠాలో ఉంటూ మనకు పనిచేస్తోంది. ఆమె మొహం మనలో ఎవరూ చూడలేదు, ఆమె పెట్టిన షరతు అది. రేపు తనే నిన్ను కలుస్తుంది.”

చీఫ్ జీపెక్కి వెళ్లిపోయాడు.

ఈ కొండల్లో సన్యాసిరావును అసలు పేరుతో పిలిచే మనిషి సురేంద్ర ఒక్కడే. ఎప్పుడైనా ఏ సంతలోనో తారసపడితే, అల్లం బేరమాడుతున్నట్టు నటిస్తూ నాలుగు మాటలు చెప్పుకునేవాళ్లు. ఇక అదీ లేదు.

మిగిలింది ఫోరం. అక్కడ అతని పేరు ‘కొండగాలి’. ఆర్కిడ్ ఫోటోలు పెట్టడం ఆఫీసు కోసమే మొదలుపెట్టాడు. తర్వాత తర్వాత ‘నీలిపూత’ అనే మెంబరు రాసే జవాబు కోసం పెట్టసాగాడు. ఆమె తప్ప అతనికి జవాబు రాసేవాళ్లు లేరు. ఫోరంలో వంద కేబీలు దాటిన ఫోటో ఎక్కదు. అతను ఫోన్లో కుదించి పెట్టినవన్నీ అలుక్కుపోయినట్టు వస్తుంటే రీసైజ్ చేయడం నేర్పింది ఆమే. ‘ఫోటో మొత్తాన్ని నొక్కేయకండి. ముందు అక్కర్లేనిది కత్తిరించండి. మిగిలినదాన్ని చిన్నది చేయండి.’ ఆ మూడు ముక్కల్నీ ఎన్నిసార్లు చదువుకున్నాడో!

మర్నాడు మధ్యాహ్నం స్టేషన్‌కి మిణుగురు వచ్చింది. నల్ల కళ్లద్దాలు, పచ్చ పట్టు చున్నీ. ప్లాట్‌ఫారం మీదున్న జనమంతా ఒకసారి తలతిప్పి చూశారు.

“పొగమంచు ఎప్పుడు వదులుతుంది?”

“కాఫీ పూసేదాకా వదలదు.”

ఆమె నవ్వింది. “కొండగాలి మీరేగా? నీలిపూతని నేనే. పేరు భాను.”

సన్యాసిరావుకు కాసేపు మిషన్ గుర్తులేదు. గడ్డం గీసుకుని రావాల్సింది అనిపించింది.

“కొరియర్ ఈరోజు రావట్లేదు. వచ్చే వారానికి మారింది. చీఫ్‌కి చెప్పండి,” అంది భాను. “నేనీ బండికే వైజాగ్ వెళ్తున్నా. ఇదిగో, మీకు చూపిద్దామని నిన్న తీశాను.”

ఆమె ఫోన్ తెరమీద తెల్లని ఆర్కిడ్ గుత్తి. కుడివైపు మూలన దారప్పోగులాంటి సన్నటి గీత.

ఆ గీత అతనికి తెలుసు. బొర్రా గుహల మెట్లమీద జారిపడినప్పుడు సురేంద్ర ఫోన్ లెన్సు చిట్లింది. అప్పట్నుంచీ అతను తీసిన ప్రతి ఫోటోలోనూ ఆ పోగు ఉండేది. అంటే చచ్చిపోయినవాడి మెమరీ కార్డు ఈమె ఫోన్లో ఉంది. మిణుగురే ఆ కొరియర్.

“బాగుంది,” అన్నాడు. “అటు చూడండి, ఆ పనసచెట్టు మీదా ఆర్కిడ్ పూసింది.”

ఫోన్ ఎత్తాడు. ఆమె చటుక్కున పక్కకు జరిగింది, ఫ్రేములో పడకూడదని. సరిగ్గా అప్పుడే రైలు కూత వినిపించింది. ఆమె కళ్లద్దాలు పైకెత్తి పట్టాలవైపు చూసింది. క్లిక్. పువ్వు మధ్యలో, మొహం మూలన.

రైలు కదులుతుంటే కిటికీలోంచి అంది: “ఆ పువ్వు ఫోరంలో పెట్టండి. చూస్తాను.”

“పెడతాను.”

బండి మలుపు తిరిగిందో లేదో వాన మొదలైంది. కరెంటు పోయింది. సెల్ టవర్ మూగబోయింది. సన్యాసిరావు రత్నాలు బండి మీది బరకం పట్టా కింద, ఫోన్‌లో సిగ్నల్ గీతల కోసం చూస్తూ కూర్చున్నాడు.

“ఎవలు బాబూ ఆ గుంట? మీవోళ్లా?” అడిగింది రత్నాలు.

“కాదు.”

“మరేటలా సూత్తన్నావు, రైలెల్లిపోయినా? ఇదిగో, పొత్తు సల్లారిపోతంది. బేగి తిను.”

చీకటి పడబోతుండగా సిగ్నల్ వచ్చింది. రైలు వైజాగ్ చేరే వేళ. అప్‌లోడ్ నొక్కాడు. ‘ఫైలు పరిమాణం ఎక్కువ.’ కుదించాడు. ఎక్కడానికైతే ఎక్కుతుంది, కానీ మొహం పెసరగింజంత మచ్చ అయిపోయింది. దాన్ని చూసి ఎవర్ని పడతారు?

ముందు అక్కర్లేనిది కత్తిరించండి.

కత్తిరించాడు. పువ్వు పోయింది. చెట్టు పోయింది. ప్లాట్‌ఫారం పోయింది. ఆమె మిగిలింది. క్వాలిటీ ఒక మెట్టు తగ్గించాడు. తొంభై ఆరు కేబీలు. ‘పురుగు పట్టిన పువ్వు. కిరండూల్ పాసింజర్ దారిలో.’ బ్యాటరీ ఎర్రగా కొట్టుకుంటోంది. తెరమీద అప్‌లోడ్ గీత పాకి, పాకి, చివరికి చేరింది. ఫోన్ ఆరిపోయింది.

కరెంటు వచ్చాక, రత్నాలు బండి పక్కనున్న ఎస్టీడీ బూత్‌లో ఫోన్ చార్జింగ్‌కి పెట్టాడు. అది వెలగగానే చీఫ్ కాల్.

“ఇక వింటే విననీ. ఫోటో వచ్చేసరికి జనం గేటు దాటుతున్నారు. కూలీ వేషంలో ఉన్న మనవాడు గుర్తుపట్టాడు. ప్లాన్లున్న కార్డు ఆమె చేతిలోంచి అందుకునేవాడి చేతిలోకి వెళ్తుండగా ఇద్దర్నీ పట్టుకున్నాం.”

“ఆమె... ఏమైనా అందా?”

“ఎలా దొరికానని అడిగింది. ఫోటో చూపించాం. కటింగ్ బాగా కుదిరిందంది.”

లైన్ కట్టయింది. వాన వెలిసింది. రత్నాలు బండి సర్దుకుని వెళ్లిపోయింది. అలవాటు కొద్దీ సన్యాసిరావు ఫోరం తెరిచాడు. అతని పోస్టు కింద ఒక జవాబు ఉంది. ఆత్రంగా నొక్కాడు.

‘ఇది ఆర్కిడ్ల ఫోరం. మనుషుల ఫోటోలు పెట్టరాదు. మొదటి హెచ్చరిక: మోడరేటర్.’

పాపం, ఎవరో ఒకరు రాశారు కదా అని, అతను చాలాసేపు ఆలోచించి మర్యాదగా జవాబు టైపు చేశాడు: ‘క్షమించండి. పువ్వే అనుకున్నాను.’